ముంగిట గరికకు పిండి ఎరువు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి ఇంతసేపు వేడివేడిగా చర్చ జరిగిన సభలో గడ్డి గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను వ్యవసాయ శాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు ఖజానా శాఖలో ఇతరుల బిల్లులు పరిశీలించి గడిపినవాణ్ణి. ఆ అలవాటుతో వేసిన ఒక లెక్క, అందులో చేసిన ఒక తప్పు మీకు విన్నవిస్తాను.

మహబూబ్‌నగర్‌లో మా ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఖాళీ స్థలం ఉంది. అంటే 40 గజాలు. అందులో లాన్ వేయించాము. లాన్ అనగానే ఏదో దొరల వ్యవహారం అనుకోకండి. అది మన గరికే. వినాయక చవితికి పత్రిలో పెట్టే ఆ గరికనే నర్సరీవాళ్ళు బెర్ముడా అని అమ్ముతారు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. వీధిలో గతుకుల మీద నడవలేదు. పొద్దున్నే ఆ 40 గజాల మీద చెప్పులు లేకుండా పాతిక సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. అందుచేత ఆ గడ్డి మా ఇంట్లో అలంకారం కాదు, అవసరం.

మూడో ఏట గడ్డి పచ్చదనం తగ్గి, మధ్యలో ఎర్రమట్టి బయటపడింది. నర్సరీకి వెళితే రంగుల బొమ్మ ఉన్న సేంద్రియ ఎరువు ప్యాకెట్టు ఇచ్చారు. కిలో 180 రూపాయలు. నెమ్మదిగా కరుగుతుంది, గడ్డి మాడదు అన్నారు. ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూస్తే వెనుక చిన్న అక్షరాలలో నత్రజని 3 శాతం అని ఉంది.

అక్కడే నాలోని పాత గుమస్తా మేలుకున్నాడు. మనం కొనేది బస్తానా, బస్తాలోని నత్రజనినా? గడ్డికి ముఖ్యంగా కావలసింది నత్రజని. మా లాన్ వంటిదానికి సంవత్సరానికి సుమారు 400 గ్రాములు, నాలుగు దఫాలుగా 100 గ్రాముల చొప్పున చాలు. ఆ 100 గ్రాములకు ప్యాకెట్టు ఎరువైతే మూడుంబావు కిలోలకు పైనే కావాలి, సుమారు 600 రూపాయలు. ఏడాదికి 2,400. పెన్షనుదారుడు గడ్డికి పెట్టే ఖర్చు కాదది.

మరి యూరియా? అందులో నత్రజని 46 శాతం. దఫాకు 217 గ్రాములు చాలు, ఖర్చు లెక్కలోకే రాదు. కాని యూరియా మనకొచ్చే గ్రాట్యుటీ లాంటిది. ఒక్కసారిగా చేతికొస్తుంది, నాలుగు వారాలు కళకళలాడిస్తుంది, ఎక్కడికి పోయిందో తెలియదు. నీరు ఎక్కువైతే కిందికి దిగిపోతుంది, చెయ్యి జారి ఒకచోట ఎక్కువ పడితే గడ్డి మాడుతుంది. నూనె తీసిన పిండి పెన్షను వంటిది. అందులోని మాంసకృత్తులను నేలలోని సూక్ష్మజీవులు కొద్దికొద్దిగా విడగొట్టి వేళ్ళకు అందిస్తాయి. నేల వెచ్చగా, తడిగా ఉంటే త్వరగా, చలిలో నిదానంగా. గడ్డి ఎదిగే వేగం కూడా అలాగే ఉంటుంది గనుక రెండూ సరిపోతాయి. వేపపిండిలో ఇంకొక సుగుణం. దాని చేదు పదార్థాలు నత్రజనిని వృథా చేసే సూక్ష్మజీవుల జోరు తగ్గిస్తాయి. 2015లో మన దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి ఈ గుణం కూడా ఒక కారణం.

ఇక ధరలు. ఇవి నేను కొన్ననాటివి, మీ ఊళ్ళో వేరుగా ఉండవచ్చు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మికంపోస్టులో నత్రజని కనీసం 1 శాతం ఉండాలి. కిలో 12 రూపాయల చొప్పున దఫాకు 10 కిలోలు, 120 రూపాయలు. వేపపిండిలో 5 శాతం అని పుస్తకాలు రాస్తాయి. మిల్లు సరుకు కదా అని నేను 4 వేసుకున్నాను. కిలో 32, రెండున్నర కిలోలకు 80 రూపాయలు. ఆముదపు పిండిలోనూ దాదాపు 4 శాతమే, కాని కిలో 20 రూపాయలే. దఫాకు 50. పశువుల పెంట చవకే, కాని అరశాతమే గనుక 20 కిలోలు మోయాలి. పైగా సరిగా మాగని పెంటతో వయ్యారిభామ విత్తనాలు ఉచితంగా వస్తాయి. ఆ కలుపు తీయడానికి కూలి ఎవరిస్తారు?

మా పాలమూరులో ఒకప్పుడు ఆముదం విస్తారంగా పండేది. ఇప్పుడు చాలా చేలలో పత్తి వచ్చింది గాని, ఆముదపు పిండి దొరకడం కష్టం కాదు. ఏడాదికి వేపపిండి 320, ఆముదపు పిండి 200. తేడా 120 రూపాయలు. ఆడిటు అభ్యంతరం లేని లెక్క అనుకుని మిల్లుకు వెళ్ళి ఆముదపు పిండి తెచ్చాను. హమాలీ మూట కట్టి ఇస్తూ, “సారూ, బర్రెలు తినకుంట జూస్కోవాలె” అన్నాడు. మాకు బర్రెలు లేవు కదా అని నవ్వి వచ్చేశాను.

జూన్‌లో తొలకరి పడ్డాక సాయంత్రం చల్లాను. పక్కింటి సారుగారికి ఒక కుక్క ఉంది. రాత్రి మా గేటు సందులోంచి దూరి ఆ పిండి తిన్నది. కుక్కలకు ఆ వాసన ఇష్టమట, నాకు ఆ సంగతి తెలియదు. తెల్లవారేసరికి వాంతులు, నెత్తురు విరేచనాలు. సారుగారి మనవడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ఏం తిన్నదో ఎవరికీ అంతుబట్టలేదు. గడ్డిలో ముక్కు ఆనిన చోట్లు చూసి నాకే అర్థమైంది. వెళ్ళి చెప్పాను. “తాతా, నువ్వు విషం పెట్టినవా?” అన్నాడు ఆ పిల్లవాడు.

ఆముదపు గింజలో రిసిన్ అనే విషముంటుంది. నూనెలోకి దిగదు, పిండిలోనే మిగులుతుంది. మిల్లు వేడికి కొంత చచ్చినా, మిగిలింది ప్రాణం తీయడానికి చాలవచ్చు. పశువుల డాక్టరుగారు మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. కుక్క బతికింది. బిల్లు 4,200 రూపాయలు సారుగారు వద్దంటున్నా నేనే కట్టాను. ఏడాదికి 120 ఆదా చొప్పున అది తిరిగి రావడానికి 35 సంవత్సరాలు పడుతుంది. అప్పటికి నాకు నూట ఆరేళ్ళు. అంతకంటె బాధ, నాలుగు నెలలు ఆ ఇంటివారు మాతో ముభావంగా ఉండటం. మా ఆవిడ చవితికి పంపిన ఉండ్రాళ్ళు కూడా పనిమనిషి చేత తీసుకున్నారు.

కాబట్టి కుక్కలు, దూడలు, పాకే పిల్లలు తిరిగే చోట ఆముదపు పిండి పైన చల్లవద్దు. ఎముకల పొడి కూడా కుక్కలను పిలుస్తుంది. వేపపిండి, కానుగ పిండి చేదు గనుక అవి సాధారణంగా ముట్టవు. అయినా చల్లగానే నీరు పెట్టి మట్టిలోకి దించడం మంచిది. వేరుశనగ చెక్కలో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది గాని, గేదెలు తినే పదార్థాన్ని గడ్డికి వేయడానికి నాకు మనసొప్పలేదు.

వేపపిండిలో కల్తీ ఎక్కువ. గుప్పెడు తీసి గాజు గ్లాసు నీళ్ళలో కలిపి పది నిమిషాలు ఉంచండి. అడుగున ఇసుక పేరుకుంటే ఆ దుకాణానికి నమస్కారం పెట్టి రండి. తెచ్చినదాన్ని గడ్డలు నలిపి, జల్లించి, రెండింతల పొడి మట్టితో కలిపి, గడ్డి ఆకు ఆరి ఉన్నప్పుడు చల్లాలి. పైన చీపురుతో ఊడిస్తే పిండి కిందికి దిగుతుంది. తర్వాత నీరు. రెండు మూడు రోజులు వాసన ఉంటుంది, అతిథులను పిలవకండి. జూన్, ఆగస్టు, అక్టోబరు, ఫిబ్రవరి నా దఫాలు. ఎండాకాలంలో నీళ్ళకే కటకట, ఎరువు జోలికి పోను.

ఇంకొక సంగతి ఆలస్యంగా తెలిసింది. మా తోటమాలి కోసిన గడ్డిని సంచిలో కూరి బయట పారబోసేవాడు. ఆ కోసిన తునకల్లోనూ నత్రజని ఉంది. డబ్బిచ్చి కొన్నదాన్ని ఊరికే పారేస్తున్నామన్నమాట. ఎత్తులో మూడో వంతుకు మించకుండా తరచు కోసి, తునకలు అక్కడే వదిలేస్తే అవసరంలో పావువంతు దాకా తిరిగి నేలకే చేరుతుంది. ఇప్పుడు నేను అక్టోబరు దఫా మానేశాను. గడ్డి తేడా చూపలేదు.

మిల్లువాళ్ళు 50 కిలోల బస్తా తప్ప విడిగా ఇవ్వమంటే మా కాలనీలో ఐదిళ్ళవాళ్ళం కలిసి బస్తా తెప్పిస్తున్నాము. బస్తా 1,600, ఇంటికి 10 కిలోలు, 320 రూపాయలు. పొడిగా ఉంచుకోవాలి, చెమ్మ తగిలితే బూజు పడుతుంది. ఈసారి రెండో బస్తా కూడా తెద్దామనుకుంటున్నాము. వాటా కావలసినవారు భోజనాలప్పుడు నాకు పేరివ్వండి.

మొదటి బస్తాలో ఐదో వాటా మా పక్కింటి సారుగారిది. సంచి పట్టుకుని ఆయనే వచ్చారు, వెంట కుక్క కూడా. అది సంచిలో మూతి పెట్టి, తుమ్మి, దూరంగా వెళ్ళి కూర్చుంది. అయినా సారుగారు సంచి ముడి వేసే ముందు “ఇది వేపదే కదా సార్?” అని రెండుసార్లు అడిగారు.