మన ఆటోమేటిక్ కారు పాతబడితే



కారు గేర్ల సంగతి ఆడవాళ్ళ కార్యక్రమంలో ఏమిటా అని మీలో కొందరైనా అనుకుంటూ వుంటారు. రెండేళ్ళ కిందటైతే నేనూ అలాగే అనుకునేదాన్ని. కారు మగవాళ్ళ వ్యవహారం, కూరగాయల లెక్క మనదీ అని మనమే గీత గీసుకుంటాం. తీరా బండి చెడినప్పుడు ఖర్చయ్యేది మాత్రం మనం పోపుడబ్బాలోనూ బ్యాంకులోనూ దాచిపెట్టిన డబ్బే కదండీ!

మాది బంటుమిల్లి. చుట్టూ వరిచేలూ చేపల చెరువులూ, మధ్యలో కాలువలూ, కాలువల మీద వంతెనలూ. బస్తీలో వున్న మీకు సిగ్నలు దగ్గర ఆగడం ఎలాగో, మాకు వంతెన ఎక్కేచోట ఆగడం అలాగ. అవతలి నుంచి చేపల లారీ వస్తుంటే ఇవతలి బండి వాలులోనే నిలబడాలి. ఈ వాలు సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మావారికి ఎడమ మోకాలు ఆపరేషనయింది. క్లచ్చు తొక్కలేరు గనక 2016లో ఆటోమేటిక్ గేర్ల చిన్న కారు కొన్నాం. నా నలభై ఆరో ఏట నేను డ్రైవింగు నేర్చుకున్నదీ ఆ బండి మీదే. తరవాత మా అత్తయ్యగారికి మూత్రపిండాల జబ్బు వచ్చింది. వారానికి రెండుసార్లు పెడన మీదుగా బందరు తీసుకువెళ్ళి డయాలిసిస్ చేయించి తీసుకురావడం నా వంతయింది. ఆ ప్రయాణం ఒక రోజు ఆగితే కాళ్ళు వాస్తాయి, రెండు రోజులు ఆగితే ఆయాసం. కాబట్టి ఆ బండి మా యింట్లో షోకు కాదు, మందుసీసా లాంటిది.

ఒకనాడు పొద్దున్నే బయలుదేరాం. వంతెన వాలులో లారీకి దారిచ్చి, మళ్ళీ కదలబోతే ఇంజను గోలగా అరుస్తోంది గాని బండి ముందుకి పోదు. ఎదురుగా గేరు చూపించే అంకె మిణుకు మిణుకుమంటోంది. ఇంతలో బండి కొంచెం వెనక్కి జారింది. గుండె గుభేలుమని చేతి బ్రేకు లాగాను. వెనకసీట్లోంచి అత్తయ్యగారు, "ఏదో మాడుతోందే అమ్మాయ్, పొయ్యిమీద ఏమైనా మర్చిపోయి వచ్చావా?" అన్నారు. నిజంగానే మాడువాసన. పావుగంట ఆపి మళ్ళీ కదిలిస్తే ఏమీ ఎరగనట్టు కదిలింది. ఆవేళ ఎలాగో బందరు చేరాం.

తరవాత మొదలయింది అసలు కథ. పట్నంలో ఒక పెద్ద వర్కుషాపులో చూపిస్తే, "గేర్ బాక్సు పోయిందండి, మొత్తం సెట్టు మార్చాలి" అని 1,10,000 రూపాయల అంచనా రాసిచ్చారు. మా అమ్మాయి కాలేజీ ఫీజుకని పక్కన పెట్టింది సరిగ్గా అంతే. రోడ్డు పక్క మరో షెడ్డులో, "రెండు లీటర్లు ఆయిలు పోస్తే దానంతటదే సర్దుకుంటుంది" అన్నారు. ఒకాయన లక్ష అంటాడు, ఒకాయన రెండు లీటర్లంటాడు. మావారు, "పాతబడింది, అమ్మేద్దాం" అన్నారు. అమ్మితే ఏమొస్తుంది? చెడిపోయిన ఆటోమేటిక్ అంటే ఇనుప సామాను ధరే.

అప్పుడు మా యింటిపక్కవాళ్ళు ఒక పెద్దాయన పేరు చెప్పారు. ట్రాక్టర్లూ కార్లూ రెండూ చూస్తాడు, నలభై ఏళ్ళ అనుభవం. ఆయన బానెట్ ఎత్తలేదు సరికదా, ముందు నన్నే అడిగాడు. "వంతెన వాలులో ఆగినప్పుడు నీ కాలు ఎక్కడుంటుందమ్మా?"

"బ్రేకు తీస్తే వెనక్కి జారుతుంది కదా బాబాయ్, కాస్త ఏక్సిలరేటరు తొక్కి పట్టుకుని నిలబెడతాను" అన్నాను, అదేదో నా నేర్పయినట్టు.

ఆయన నవ్వాడు. "గేర్ బాక్సు పోలేదమ్మా, నువ్వు క్లచ్చు కాల్చేశావు."

క్లచ్చేమిటి, అసలు మా కారుకి క్లచ్చే లేదు కదా అన్నాను. అక్కడే వుందండీ కిటుకంతా. కాలికింద పెడలు లేదు గాని లోపల క్లచ్చు నిక్షేపంలా వుంది. మన కాలు చేసే పనిని ఒక యంత్రం చేస్తోంది, అంతే.

ఈ మాట కొంచెం విడమరచి చెబుతాను. ఎందుకంటే ఆటోమేటిక్ అనేది ఒకటే రకం కాదు. పెద్దఎత్తున అమ్ముడుపోయిన మొదటి ఆటోమేటిక్ అమెరికాలో 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. ఆ దారిలో వచ్చినవాటిలో ఇంజనుకీ గేర్లకీ మధ్య ఆయిలే దూతికపని చేస్తుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేయండి. దాని గాలికి రెండోది కూడా మెల్లగా తిరుగుతుంది చూడండి, అలాగ. గాలికి బదులు అక్కడ ఆయిలు. ఇంకో రకంలో గేర్లే వుండవు, రెండు కప్పీల మీద ఒక స్టీలు బెల్టు. కప్పీలు వెడల్పవుతూ ఇరుకవుతూ వేగం మారుస్తాయి. దాన్ని సి.వి.టి. అంటారు. మూడో రకంలో రెండు క్లచ్చులు, ఒకటి బేసి గేర్లకీ ఒకటి సరి గేర్లకీ. ఇక నాలుగోది మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో మొదలై చిన్నకార్లలోకి వచ్చిన ఎ.ఎం.టి. ఇది మామూలు గేర్ బాక్సే, మామూలు క్లచ్చే. గేరు మార్చే చెయ్యీ క్లచ్చు తొక్కే కాలూ మాత్రం మోటారువి.

మన బండి ఏ రకమో తెలుసుకోవడానికి ఒక సులువు వుంది. గేరు పిడి దగ్గర అక్షరాలు చూడండి. పార్కింగుకి 'పి' అనే అక్షరం లేకుండా ఆర్, ఎన్, డి, ఎం అని మాత్రమే వుంటే చాలామటుకు ఎ.ఎం.టి. అన్నమాట. 'పి' వుంటే మిగతా మూడింట్లో ఏదో ఒకటి. కారుతోపాటు ఇచ్చిన పుస్తకం బీరువాలో చీరల కింద వుంటుంది, తీసి చూస్తే పేరుతో సహా రాసి వుంటుంది.

ఎందుకింత గొడవ అంటారా? రకాన్నిబట్టి జబ్బు వేరు, మందు వేరు. ఆయిలు మీద నడిచే రకాలకి ఆయిలే ప్రాణం. అది సాధారణంగా ఎర్రగా, దానిమ్మరసంలా తేటగా వుంటుంది. నల్లబడి కాఫీ డికాషనులా మారి మాడువాసన కొడితే లోపల అరుగుతున్నట్టు. పాలు కలిపిన కాఫీలా అయితే నీళ్ళు చేరినట్టు. కారు రాత్రంతా నిలిపినచోట ఒక పాత అట్టముక్క పరచి పొద్దున్నే మరక చూస్తే కారుతోందో లేదో తెలిసిపోతుంది. 'డి'లో వేశాక బండి అందుకోవడానికి రెండు మూడు సెకన్లు పట్టినా, గేరు మారినప్పుడల్లా వెనకనుంచి ఎవరో తోసినట్టు కుదిపినా ముందు ఆయిలు చూపించాలి. సి.వి.టి.కి దాని ఆయిలే పోయాలి, వేరే ఆటోమేటిక్ ఆయిలు పోస్తే బెల్టూ కప్పీలూ పాడవుతాయి. "ఏదైనా ఒకటేనండి" అనే చోట బండి వదలకండి.

ఎ.ఎం.టి.లో సంగతి వేరు. కుట్టుమిషను బెల్టు వదులైతే మీరు ఎంత తొక్కినా చక్రం తిరుగుతుంది గాని సూది కదలదు కదూ? అరిగిపోయిన క్లచ్ ప్లేటు సరిగ్గా అంతే. ఇంజను అరుపు పెరుగుతుంది, వేగం పెరగదు. కదిలేటప్పుడు వణుకుతుంది, మాడువాసన వేస్తుంది. వాలులో ఏక్సిలరేటరు మీద నిలబెట్టిన ప్రతిసారీ ఆ ప్లేటు రాసుకుని కాలుతుంది. వారానికి రెండుసార్లు, రానూపోనూ అంటే ఏడాదికి రెండువందల పైచిలుకు సార్లు నేను ఆ వంతెన ఎక్కాను. ఇక ప్లేటు ఏం మిగులుతుంది చెప్పండి! బస్తీలో ఫ్లైవోవరు మీద ట్రాఫిక్కులో బెత్తెడు బెత్తెడు జరిగే మీకూ ఇదే బెడద.

పెద్దాయన నాకు నేర్పింది యిది. వాలులో ఆగితే కాలు బ్రేకు మీదే వుండాలి. ఎక్కువసేపు ఆగాలంటే 'ఎన్'లో వేసి చేతిబ్రేకు లాగాలి. కదిలేటప్పుడు చేతిబ్రేకు పట్టివుంచే ఏక్సిలరేటరు తొక్కి, బండి ముందుకి లాగుతున్నట్టు తెలియగానే బ్రేకు వదలాలి. మొదట నాలుగు రోజులు చేతులు తడబడ్డాయి. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టనివ్వండి, క్లచ్ ప్లేటు కొనేది వాళ్ళు కాదుగా.

క్లచ్చు విప్పేముందు ఆయన మరో పని చేశాడు. బ్యాటరీ చూశాడు. గేర్లకి బ్యాటరీతో ఏం పని అనుకున్నాను. గేరు మార్చేది మోటారు, ఆ మోటారుని నడిపేది కరెంటు, కరెంటు నీరసిస్తే గేరు మధ్యలో తడబడుతుంది, దీపం వెలుగుతుంది. నిండా చార్జి వున్న బ్యాటరీ ఇంజను ఆపివున్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర వుండాలి, ఇంజను నడుస్తుంటే 14 దాకా చూపించాలి. మాది 12 కూడా లేదు. పైగా మా వైపు గాలిలో ఉప్పు. బ్యాటరీ కొసలకి తెల్లగా బూజులాంటిది పట్టివుంది. వేణ్ణీళ్ళతో కడిగి, తుడిచి, వేజలీను రాశాడు. ఈ పని మనమూ చెయ్యొచ్చుగాని ముందు తీగలు విప్పాలి, నెగటివు తీగ మొదట. ఉంగరాలూ గాజులూ తీసి పక్కన పెట్టండి. లోహం తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి.

విప్పి చూస్తే ప్లేటు నిజంగానే గాజుముక్కలా నున్నగా వుంది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి, కూలితో సహా 18,000. కొత్త బ్యాటరీ 4,800. ఆ మీదట గుడివాడ నుంచి ఒక కుర్రవాడు స్కానరు తెచ్చి తగిలించి, కొత్త క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటరుకి నేర్పించాడు. ఇది మరిచిపోకండి. ఎ.ఎం.టి.లో క్లచ్చు మార్చాక ఆ నేర్పించడం చెయ్యకపోతే కొత్త ప్లేటు కూడా కుదుపుతూనే వుంటుంది, మళ్ళీ గేర్ బాక్సు మీద నేరం పడుతుంది. బేరమాడేటప్పుడే "స్కానరు వుందా?" అని అడగండి. తప్పు కోడు ఏమిటో కాగితం మీద రాసివ్వమనండి. కోడు చూడకుండా, నడిపి చూడకుండా లక్ష అంచనా వేసినవారిని చూసి మనం దడుచుకోనక్కర్లేదు, ఇంకొకచోట చూపించాలి.

అలాగని గేర్ బాక్సు ఎప్పుడూ పోదనీ కాదు. ఆయిలు మీద నడిచే రకాల్లో లోపలి భాగాలు అరిగి ముక్కలు రాలితే మార్చడమో విప్పి కట్టించడమో తప్పదు. పదేళ్ళ బండికి దాని విలువలో సగం ఖర్చవుతుందంటే మావారి మాటే నిజం, అమ్మడమే మేలు.

రోడ్డు మీద ఆగిపోతే మా వైపు మొదట వచ్చేది ట్రాక్టరూ మోకూను. సాయం చేసేవారి మంచితనాన్ని కాదనలేం గాని ఆటోమేటిక్‌ని అలా లాక్కుపోనివ్వకండి. ఆయిలు రకాల్లో ఇంజను నడిస్తేనే లోపలి పంపు ఆయిలు తిప్పుతుంది. ఇంజను ఆగి చక్రాలు తిరిగితే లోపల ఎండుకు ఎండు రాసుకుంటాయి. ఎ.ఎం.టి. గేరులో వుండగా బ్యాటరీ చచ్చిందంటే చక్రాలే కదలవు. కారుని మొత్తంగా పైకెక్కించుకుపోయే రికవరీ వ్యాను పిలవాలి. చాలా బీమా పాలసీల్లో ఈ సాయం చేర్పించుకోవచ్చు. ఫోను నంబరు అద్దం దగ్గర అంటించండి.

సెకండుహ్యాండు ఆటోమేటిక్ కొనేవారికి ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన కారుని కడిగి తుడిచి అమ్మితే పైకి తెలియదు. సీటు కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి, బెల్టుని కొసదాకా లాగండి, ఒండ్రు ఆనవాలు అక్కడ దొరుకుతుంది. ఆటోమేటిక్‌లో నీరు చేరితే ఆ నష్టం ఆర్నెల్లకో ఏడాదికో బయటపడుతుంది.

మా బండి మరమ్మతయి పద్నాలుగు నెలలయింది. ఫీజు కట్టేశాం. బందరు ప్రయాణాలు నడుస్తూనే వున్నాయి. కారులో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాను, ఏ రోజు ఏ చప్పుడు, చల్లగా వున్నప్పుడా వేడెక్కాకా, అన్నీ రాస్తున్నాను. మావంటి బండ్లలో కొన్నిటికి డ్రైవరు తలుపు తియ్యగానే లోపల చిన్న పంపు జుయ్‌మంటుంది, గేర్లు మార్చే ఆయిలుకి ఒత్తిడి పెంచడానికి. ఈమధ్య అది నడుస్తుండగా కూడా తరచుగా జుయ్‌మంటోందని మొన్న మంగళవారం పేజీలో రాశాను. వచ్చే వారం పెద్దాయనకి ఆ పేజీ చూపించి, ఆ చిన్న డబ్బాలో ఆయిలు మట్టం చూడమనాలి.