గల్ఫ్‌కు వెళ్లే పిల్లలకు ఏ అరబీ పుస్తకం?



మన బోథ్ పిల్లలు ఖుర్‌ఆన్ చదవగలరు. గల్ఫ్‌లో అరబీ ఒప్పంద పత్రం చేతికిస్తే మాత్రం అర్థం కాకుండానే సంతకం పెట్టేవారున్నారు. అందుకే పుస్తకాలు ఎంచేటప్పుడు మేము లావు వ్యాకరణాలను పక్కన పెట్టాం. క్రియకు 14 రూపాల గర్దాన్ బట్టీపట్టిన పిల్లవాడు ఒక్క వాక్యం రాయలేకపోవడం చూశాం.

వాణియంబాడిలో పుట్టిన డాక్టర్ వి. అబ్దుర్ రహీం గారి ‘దురూసుల్ లుగతిల్ అరబియ్య’ 3 భాగాలు. అందులో ముందు వాక్యం, వెంటనే అభ్యాసం. ‘కతబ’ అంటే రాశాడు. కితాబ్, కాతిబ్, మక్తూబ్ మన ఉర్దూ ఇళ్లలోని మాటలే. అక్కడ మొదలుపెడితే సగం భయం పోతుంది.

బజారులో మాట్లాడే అరబీ వేరు. కాగితం మీదిది ఇదే. పుస్తకంతోపాటు ఒక నోట్‌బుక్ కూడా ఇప్పించండి. చేత్తో రాయని క్రియ నోట నిలవదు.