స్తంభానికీ గుడిసెకూ మధ్య

ఈ రోజు ఇంజనీర్లవుతున్న మీకూ, అప్పుచేసి చదివించిన మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

మీలో కొందరు రేపు ఇళ్లకు కరెంటు పంచే డిస్కంలలో చేరతారు. అందుకే ఒక్క విషయమే మాట్లాడతాను. మన నగరాల్లో ఎన్నో బస్తీల్లో కరెంటు స్తంభం గుమ్మం ముందే ఉంటుంది, ఇంట్లో మీటరు ఉండదు. లేనిది వైరు కాదు, కాగితం. స్థలం ఎవరిదో తేలనిదే దరఖాస్తు కదలదు. చివరికి తీగకు కొక్కెం వేస్తారు. లేదంటే మీటరున్న పెద్దమనిషి ఒకడు బల్బుకింత, ఫ్యానుకింత అని నెలనెలా వసూలు చేస్తాడు. దొంగ కరెంటు ఊరికే వస్తుందని మనం అనుకుంటాం. వాడేవాళ్లను అడగండి, అసలు లెక్క చెబుతారు.

అహ్మదాబాద్‌లో ఈ చిక్కుముడి విప్పారు. 2001లో అక్కడి విద్యుత్ కంపెనీ మహిళా కార్మికుల సంఘం 'సేవ'తో, స్వచ్ఛంద సంస్థ 'సాథ్'తో కలిసి కొన్ని బస్తీల్లో పని మొదలుపెట్టింది. మీటరు వచ్చినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదన్న షరతుతో నగర కార్పొరేషన్ ఒప్పుకుంది. మీటరే హక్కుపత్రం అవుతుందన్న కార్పొరేషన్ భయం, స్థలం సంగతి తేలకుండా మీటరిస్తే చిక్కొస్తుందన్న కంపెనీ భయం రెండూ అక్కడితో తీరాయి. కనెక్షను ఖర్చుకు సేవ బ్యాంకు అప్పిచ్చింది. తర్వాత లక్షకు పైగా ఇళ్లకు మీటర్లు వచ్చాయి. ఇందులో కొత్త యంత్రమేదీ లేదు.

కరెంటుకు కాగితం అడ్డమైతే, అవే ఇళ్లలో వంటగ్యాసుకు డబ్బు అడ్డం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పేద మహిళలకు కనెక్షన్లు ఇచ్చాయి. కానీ 14.2 కిలోల బండ డబ్బు ఒక్కసారే కట్టాలి. ఏ రోజు కూలీ ఆ రోజుకే చాలీచాలని ఇంట్లో అంత సొమ్ము ఎక్కడిది? అందుకే బండ పక్కనే కట్టెల పొయ్యీ ఉంటుంది. 5 కిలోల బండ వచ్చింది, మంచిదే. 2021లో ఉజ్జ్వల రెండో విడతలో వలస కుటుంబాలు తమ చిరునామాను తామే రాసివ్వొచ్చన్నారు, అది ఇంకా మంచిది. గ్యాసుకు కుదిరింది కరెంటుకు ఎందుకు కుదరదు?

2003 విద్యుత్ చట్టం 43వ సెక్షను యజమాని అడిగినా, ఆ ఇంట్లో ఉంటున్నవారు అడిగినా కరెంటు ఇవ్వాలంటుంది. అలాంటి దరఖాస్తు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, "ఇంటి కాగితం పట్టుకురా" అని తిప్పి పంపేముందు ఆ సెక్షను ఒకసారి తీసి చదవండి. అప్పటికీ కాదనాల్సి వస్తే, ఎందుకు కాదంటున్నారో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి.