పిల్లి సాక్ష్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమున ఉత్సవ దినమునాడు భారత భాగవతములను గూర్చి ప్రసంగించుట ఆచారము. నేటి ప్రసంగమునకు విషయము పిల్లి. నవ్వు వచ్చినవారు నవ్వవచ్చును. నవ్వు ముగిసిన పిమ్మట ఒక చిన్న సంగతి యోచింపవలసి యున్నది. గ్రంథాలయమున అట్టలు చినిగి, అంచులు నలిగి, మరల మరల కుట్టింపవలసి వచ్చు పుస్తకము లేవి? అపరాధ పరిశోధక నవలలు. బీరువాలో కొత్త పెండ్లికూతురువలె నలగక యున్న వేవి? వాని పేర్లు చెప్పకుండుటయే మర్యాద. "ఈ దొంగల కథలు, హత్యల కథలు గ్రంథాలయమున కేల? చందా సొమ్ము వీనిపై నేల వ్యయపఱుపవలెను?" అని పెద్దలు కొందఱు అడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకే పిల్లిని సాక్షిగా పిలువవలసి వచ్చినది.

హితోపదేశమున మిత్రలాభమందు ఒక కథ కలదు. భాగీరథీ తీరమున గృధ్రకూట పర్వతముమీద ఒక పెద్ద చెట్టు. దాని తొఱ్ఱలో జరద్గవ మను ముసలి గ్రద్ద. దానికి కన్నులు కానరావు, గోళ్లు ఊడిపోయినవి. చెట్టుమీది పక్షులు జాలిపడి తమ ఆహారములో కొంత దానికి పెట్టుచుండగా, అది వాని పిల్లలకు కాపుండెడిది. దీర్ఘకర్ణ మను పిల్లి అచటికి వచ్చి, తాను చాంద్రాయణ వ్రతము సలుపుచున్నానని, మాంసము ముట్టనని నమ్మబలికి ఆ తొఱ్ఱలోనే చోటు సంపాదించెను. నాటినుండి దినమునకు కొన్ని పక్షి పిల్లలను తెచ్చి అచటనే తినుచుండెను. పిల్లలు తగ్గుట చూచి తల్లిదండ్రులు వెదకనారంభింపగా పిల్లి మెల్లగా జాఱుకొనెను. పక్షులు తొఱ్ఱలో ఎముకలు చూచినవి. గ్రద్దయే తినెనని నిశ్చయించి దానిని చంపివైచినవి.

కులశీలములు తెలియనివానికి చోటీయరాదని ఈ కథకు పెద్దలు చెప్పు నీతి. ఆ నీతి మంచిదే. కాని పక్షులకు సంబంధించిన నీతి మఱియొకటి ఇందు దాగియున్నది. ఎముకలు తొఱ్ఱలో దొరకినవి, తొఱ్ఱ గ్రద్దది, కావున గ్రద్దయే దోషి. ఇది వాని తర్కము. కన్నులు లేనిది కొమ్మకొమ్మకు ఎట్లు ప్రాకెనని ఒక్క పక్షియు నడుగలేదు. ఇన్నాళ్లు కాచినది నేడేల తినెనని అడుగలేదు. ఇప్పుడే చెట్టు దిగి పోయిన దెవరని అడుగలేదు. ఆ చెట్టుమీద అన్నియు కలవు. నేరము కలదు, సాక్ష్యము కలదు, తీర్పు కలదు, దండన కలదు. పరిశోధకు డొక్కడు లేడు. ఆ లోటు వలననే నిరపరాధి ప్రాణము పోయినది.

పిల్లి తెలివి మన పూర్వులకు క్రొత్త గాదు. భారతము ఉద్యోగపర్వమున దొంగ తపస్సు చేసి ఎలుకలను మ్రింగిన పిల్లి కథ కలదు. మహాబలిపురమున పల్లవుల నాటి పెద్ద శిలాచిత్రమందు, ముందు కాళ్లు పైకెత్తి తపస్సు చేయుచున్న పిల్లిని, దాని చెంత ఎలుకలను నేటికిని చూడవచ్చును. శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథలో మాత్రము పిల్లి వేఱు విధమున కనబడును. లోమశ మను పిల్లి వలలో చిక్కెను. పలితుడను ఎలుకకు ఒకవైపున ముంగిస, ఒకవైపున గుడ్లగూబ. ఎలుక పిల్లి చాటున చేరి ప్రాణము దక్కించుకొనెను. వేటకాడు దగ్గఱకు వచ్చు క్షణమున వలత్రాళ్లు కొఱికి పిల్లిని విడిపించెను. ఎప్పుడు నమ్మవలెనో, ఎంతవఱకు నమ్మవలెనో తెలియుటయే ఆ కథలోని నేర్పు.

మన సామెతలలో పిల్లికి మంచిపేరు తక్కువ. కన్నులు మూసికొని పాలు త్రాగునది పిల్లి. గోడమీద కూర్చుండి ఎటు దూకునో తెలియనిది పిల్లి. ఎదురైన ప్రయాణము మానవలసినది పిల్లి. హైదరాబాదు పాతబస్తీలో ఆ పిల్లియే మఱియొక వాకిట గౌరవము పొందును. మహమ్మదీయుల సంప్రదాయమున పిల్లి శుచియైన జంతువు. ప్రవక్త అనుచరులలో ప్రసిద్ధుడైన అబూ హురైరా పేరునకు 'పిల్లికూన తండ్రి' యని అర్థము. ఒకే వీథిలో ఒక యింటివారు పిల్లి అడ్డువచ్చినదని వెనుకకు మరలుదురు. ప్రక్క యింటివారు దానికి పాలు పోయుదురు. పిల్లి రెండిండ్లలోను ఒక్కటే. భేదము చూచువారి మనస్సులో నున్నది. పరిశోధక కథకు ఇదియే మొదటి పాఠము.

పాశ్చాత్యుల అపరాధ కథలలోనికి పిల్లి చాల కాలము క్రిందటనే ప్రవేశించెను. అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో 1843లో నల్లపిల్లి కథ వ్రాసెను. హంతకుడు భార్య శవమును నేలమాళిగ గోడలో పెట్టి కట్టివైచెను. పోలీసులు వచ్చి ఏమియు కానక మరలిపోవు సమయమున, గర్వముతో ఆ గోడనే కఱ్ఱతో కొట్టెను. లోపలినుండి పిల్లి అఱచెను. తెలియకయే దానిని గూడ గోడలో కట్టివైచినాడు! ఈ కథ భయంకరము. రాత్రివేళ చదువదగినది గాదు.

భయమును తీసివైచి చిక్కును మాత్రము మిగిల్చిన కథలు తరువాత వచ్చినవి. ఇంగ్లీషువారు వీనిని 'కోజీ' కథలందురు. చలిరాత్రి దుప్పటి కప్పుకొని నెగడి చెంత కూర్చున్నట్టి హాయి యని భావము. చిన్న ఊరు, ఒకరినొకరు ఎఱిగిన మనుష్యులు. నేరము తెరచాటున జరుగును, రక్తము పుటలమీదికి కాఱదు. పరిశోధించువాడు పోలీసు ఉద్యోగి గానక్కరలేదు. అగాథా క్రిస్టీ 1930లో ప్రచురించిన నవలలో మిస్ మార్పుల్ అను వృద్ధురాలు తన పల్లెలో అల్లికపని చేసికొనుచునే హంతకుని పట్టించును. ఊరివారి స్వభావము తెలియుటయే ఆమె విద్య.

ఈ త్రోవలోనికి పిల్లిని తెచ్చి ప్రసిద్ధురాలైనది అమెరికా రచయిత్రి లిలియన్ జాక్సన్ బ్రాన్. ఆమె పెంచుకొన్న సయామీ పిల్లి పదియవ అంతస్తు కిటికీనుండి పడి మరణించెను. ఎవరో త్రోసిరను అనుమానము ఆమెను బాధించెను. అట్టి అనుమానముతో ఇరుగుపొరుగువారిపై కత్తి నూఱువారు లోకమున కలరు. ఆమె కథ వ్రాసెను. 1966లో ఆమె మొదటి నవల వెలువడినది. అందు క్విల్లరన్ అను పత్రికా విలేఖరి, కోకో అను పిల్లి. 1968 నాటికి మూడు నవలలు వచ్చి నిలిచిపోయినవి. మరల నాలుగవది 1986లో గాని రాలేదు. 2011లో ఆమె మరణించునాటికి వాని సంఖ్య ఇరువదితొమ్మిది. జపానులో అకగావా జిరో 1978లో మూడు రంగుల పిల్లికి 'హోమ్స్' అని పేరుపెట్టి నవలలు ప్రారంభించెను. ఆ పిల్లిని పెంచు పోలీసువాడు రక్తము చూచిన కన్నులు తిరిగి పడిపోవును! మనుష్యుని పిఱికితనము, పిల్లి నిబ్బరము ప్రక్కప్రక్కన పెట్టుటలో పాఠకులకు కలుగు వినోదము ఇంతింత గాదు.

ఈ కథలయందలి ఆకర్షణ రహస్యమేమి? పిల్లికి తలుపులు లేవు. ఏ యింటి వంటగదిలోనైనను అడుగుపెట్టగలదు. దాని యెదుట ఎవరును మాటలు దాచుకొనరు. అన్నియు చూచును, ఒక్కటియు చెప్పదు. కోకో ఒక వస్తువును గోకును, ఒక చోటు వాసన చూచును, అలమారలోని ఒక పుస్తకమును క్రింద పడద్రోయును. అది సాక్ష్యమో, పిల్లి చేష్టయో తెలియదు. దానిని ఎత్తి చూచి, పొంతన కుదుర్చుకొని, తప్పు దిద్దుకొని, అర్థము తీయవలసినది మనుష్యుడు. జమాఖర్చుల పట్టీలో ఒక్క పైస తేడా వచ్చినను రాత్రంతయు నిద్రపట్టనివానికి ఈ సుఖము తెలియును. తేడా ఎచటనో కలదు. అది దొరకువఱకు లెక్క మూయరాదు, ఎవరిపైనను వ్రాయరాదు.

పాతబస్తీలోనే జరిగిన ఒక సంగతి దీనికి నిదర్శనము. పురానీ హవేలీలో నిజాము మ్యూజియము కలదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖానునకు రజతోత్సవ సందర్భమున వచ్చిన కానుకలు అందు కలవు. 2018 సెప్టెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి అచటినుండి మూడంతస్తుల బంగారు టిఫిన్ గిన్నె, బంగారు కప్పు, సాసరు, చెంచా మాయమైనవి. గిన్నెకు వజ్రములు, కెంపులు పొదిగినవి. తలుపులు వేసినవి వేసినట్లే యున్నవి. దొంగలు పిల్లివలె వెంటిలేటరు సందున దూఱి త్రాటితో దిగినారు. ఒక్క బొట్టు రక్తము చిందలేదు. నవల వ్రాయువాడు కల్పించినచో 'ఇది అతిశయోక్తి' యని పాఠకుడు నవ్వును.

వీథి కెమెరాలో ఒకడు ఫోనులో మాటలాడుచు కనబడెను. ఆ వేళ ఆ ప్రాంతమున మాటలాడిన ఫోనుల లెక్కలన్నియు పోలీసులు వెదకిరి, ఫలింపలేదు. అది నటన యనియు, ఆ ఫోనులో సిమ్ కార్డే లేదనియు పిదప తేలినది. జరద్గవుని తొఱ్ఱలోని ఎముకలవంటిదే యీ ఫోను. చూపించుటకు పెట్టిన సాక్ష్యము. దానితో ఆగక పోలీసులు ఇతరపు జాడలు పట్టుకొని పోయి, పది దినములలోపుగనే దొంగలను పట్టి వస్తువులను తెచ్చిరి. దొంగలలో ఒకడు ఆ బంగారు గిన్నెలో అన్నము తినెనని పోలీసులు వెల్లడించిరి. పాఠకులు గమనింపవలసిన దొక్కటి. దొంగతనము బయటపడిన ఉదయమున మొదటి అనుమానమే తీర్పై యుండినచో ఏ కావలివాని బ్రతుకు ఏమై యుండునో యోచింపవలెను.

అపరాధ కథలు చదువరులను చెఱచునను అపవాదు ఎల్ల భాషలలోను కలదు. జాసూసీ దునియా నవలలు వ్రాసిన ఇబ్నె సఫీ కథ ఇందుకు సమాధానము. ఉర్దూలో అశ్లీలము లేనిదే పుస్తకములు అమ్ముడుపోవని ఒక గోష్ఠిలో వాదము రాగా, ఆ మాట తప్పని నిరూపించుటకే ఆయన 1952లో అలహాబాదునుండి పరిశోధక నవలలు ఆరంభించెను. తెలుగున కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధరును, అతని సహాయకుడు రాజును ఎఱుగని పాత తరము చదువరులు అరుదు. ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొని చదువువాడు, కథ ఏమగునో యను ఆత్రముతో వేగముగ చదువ నేర్చినది ఇట్టి పుస్తకములతోనే.

ఈ కథలలో లోపము లేకపోలేదు. అన్ని నేరములు చివరి పుటలో తేలిపోవు లోకము నిజమైన లోకము గాదు. ఈ కథల లోకమున దోషి దొరకును, నిర్దోషి బయటపడును, పిల్లి పాలు త్రాగి నిద్రించును. ఊళ్లలో అట్లు జరుగదు. ఒక యింట గొలుసు కనబడకపోయిన మొదట అనుమానించునది పనికి వచ్చు పేదరాలిని. గడ్డివామి తగులబడిన మొదట వినబడునది పాత పగవాని పేరు. రచ్చబండ తీర్పునకు సాక్ష్యముతో పనిలేదు. ఒకసారి దొంగయని పేరు పడినవాడు పిదప నిర్దోషియని తేలినను ఆ పేరు మాసిపోదు. జరద్గవుడు మరల బ్రతుకలేదు.

ఇందుకే ఈ పుస్తకములు గ్రంథాలయమున ఉండదగినవి. వీనిని పదింటిని చదివినవాడు ఒక్క సంగతి తప్పక నేర్చుకొనును: మొదటి అధ్యాయమున అందఱు వ్రేలెత్తి చూపినవాడు చివరి అధ్యాయమున దోషిగా నిలువడు. అనుమానము పుట్టుట తప్పుగాదు. దానిని పట్టి కట్టివైచి, సాక్ష్యము వచ్చువఱకు నోరు మెదపకుండుట విద్య. ధర్మశాస్త్రములు చదివి ఈ విద్య నేర్చువారు పదుగురైనచో, పిల్లి కథలు చదివి నేర్చువారు నూర్గురు.

కావున గ్రంథాలయ నిర్వాహకులకు విన్నపము. నలిగిన పరిశోధక నవలను పాఱవేయక కుట్టించి మరల బీరువాలో నుంచవలెను. దాని ప్రక్కనే హితోపదేశమును, శాంతిపర్వమును ఉంచవలెను. ఒక పిల్లి కథకై వచ్చిన బాలుడు చేయి చాచినపుడు ప్రక్క పుస్తకము తగిలి క్రింద పడవచ్చును. కోకో త్రోసినదో, గాలి త్రోసినదో యెవరికి తెలియును? దానిని ఎత్తి తెఱచి చూచుటయే చాలును. ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము చేయుచున్న పని యదియే. ఇక ముందును చేయవలసిన పని యదియే.

స్వస్తి.