గోధుమ వద్దు, పాలు వద్దు, జీతం 18 వేలు

పోయిన వీడియోలో మాటల్లో మాటగా "నేను పెరుగన్నం తిని పది నెలలైంది" అన్నాను కదా, అప్పటి నుంచి "డైటింగా అక్కా?" అని ఒకటే అడుగుతున్నారు. డైటింగ్ కాదు తమ్ముడూ. పాలమూరు ఎండల్లో పుట్టి పెరిగినదాన్ని, సరదాకి పెరుగు మానేస్తానా? ఇంట్లో రెండు బర్రెలు కూడా ఉన్నాయి. అది ఇంకా బాధ.

సంగతేంటంటే, నాకు సీలియాక్ అని ఒక జబ్బు ఉంది. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది. అది నా కడుపులోకి వెళ్తే, నా ఒంట్లోని రక్షణ వ్యవస్థే నా పేగు గోడని దెబ్బతీస్తుంది. ఆ గోడ మీద సన్నటి వేళ్ల లాంటివి ఉంటాయి, తిన్న తిండిని పీల్చుకునేవి అవే. అవి అరిగిపోయాయి. అందుకే రెండేళ్లు ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ ఎనిమిది దాటలేదు. పాలలోని చక్కెరని అరిగించే ఎంజైమ్ కూడా అక్కడే తయారవుతుంది కాబట్టి, పాలు తాగినా కడుపు ఉబ్బరం, విరేచనాలు. గోధుమ జీవితాంతం బంద్. పాలు మాత్రం పేగు మానేదాకా ఆపి చూద్దాం అన్నారు డాక్టర్.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట, ఇది స్కిప్ చేయకండి. "నాకూ గ్యాస్ వస్తుంది, రేపట్నుంచి చపాతీ మానేస్తా" అని మానేయకండి. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి టీటీజీ ఐజీఏ అనే రక్త పరీక్ష చేయించుకోండి. గోధుమ తింటున్నప్పుడే ఆ పరీక్షలో జబ్బు సరిగ్గా దొరుకుతుంది. మానేసి వెళ్తే జబ్బు ఉన్నా లేనట్టే రావచ్చు. అవసరమైతే ఎండోస్కోపీ కూడా చేస్తారు.

సరే, ఇప్పుడు డబ్బుల సంగతి. నా జీతం 18,000. అమీర్‌పేటలో హాస్టల్‌కి తిండితో కలిపి 6,500 కడతాను, ఇంటికి 5,000 పంపుతాను. మిగిలేది 6,500. బస్సు, ఫోను, మందులు, అన్నీ అందులోనే. జబ్బు తేలిన రోజు సాయంత్రం నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? తిన్నగా ఒక పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్లి 'గ్లూటెన్ ఫ్రీ' అని రాసి ఉన్నవన్నీ బుట్టలో వేసుకున్నాను. బ్రెడ్డు, బిస్కెట్లు, పాస్తా, బాదం పాల డబ్బా. బిల్లు 1,400 దాటింది. నాలుగు రోజుల్లో అయిపోయాయి. నేను పుట్టి ఎన్నడూ పాస్తా తినలేదు, జబ్బు వచ్చాక ఎందుకు కొన్నానో నాకే తెలియదు. (నవ్వు)

ఇరవయ్యో తారీఖుకి చేతిలో డబ్బుల్లేవు. ఇంటికి 5,000 బదులు 3,000 పంపాను. అమ్మ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

తర్వాత ఇక అన్నం, సాంబారే. చపాతీ ముట్టలేదు, పూరీ ముట్టలేదు, పాల చుక్క తాగలేదు. మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేయిస్తే ఆ నంబరు దాదాపు అలాగే ఉంది. నేను డాక్టర్ ముందే ఏడ్చేశాను. అక్కడ ఒక డైటీషియన్ మేడమ్ ఉన్నారు, ఆవిడ కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగారు. సాంబార్‌లో ఇంగువ వేస్తారా? వేస్తారు. ఆ డబ్బా వెనక ఏం రాసుందో చూశావా?

హాస్టల్‌కి వచ్చి చూశాను. గోధుమ పిండి. మనం కొనే ఇంగువ పొడి చాలావరకు ఒట్టి ఇంగువ కాదు, ఏదో ఒక పిండితో కలిపి అమ్ముతారు. అది కొన్నిటిలో గోధుమ పిండి, కొన్నిటిలో బియ్యప్పిండి. మీ ఇంట్లో డబ్బా ఒకసారి తిప్పి చూడండి. అంటే సాంబారు, రసం, పులిహోర, ఆవకాయ... నేను 'సేఫ్' అనుకున్నవన్నీ.

హాస్టల్ దోసెలో కరకరలాడాలని బొంబాయి రవ్వ కలుపుతారట, అది గోధుమే. సేమియా గోధుమే. చైనీస్ బండి మీద నూడుల్స్ మానేసి ఫ్రైడ్ రైస్ తిన్నా, సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. మిరపకాయ బజ్జీకి వాడేది శనగపిండే, కానీ అదే నూనెలో మైదా బోండాలు వేస్తారు. బలానికని తాగే మాల్ట్ పొడుల్లో ఎక్కువగా బార్లీ, గోధుమ, పాలపొడి కలుస్తాయి, నాకు మూడూ పడవు.

కానీ అన్నిటికంటే నన్ను ఎక్కువ ఏడిపించింది అమ్మ పంపిన జొన్నపిండి.

ఊర్లో జొన్నలు కొని, కడిగి, ఎండబెట్టి, గిర్నీలో పట్టించి బస్సులో పంపేది. జొన్నలో గ్లూటెన్ లేదు, కరెక్టే. కానీ ఆ గిర్నీలో అమ్మ కంటే ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు కదా? రాయిలో మిగిలిన పిండి మన పిండిలోకే వస్తుంది. ఈ మాట అమ్మకి ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాటే లేదు. తర్వాత "నా చేతులతోనే పెట్టిన్నా బిడ్డా?" అంది. ఆ రోజు నేను ఆఫీసుకి వెళ్లలేదు.

ఇప్పుడు అమ్మ ఏం చేస్తుందంటే, జొన్నల్లో గోధుమ గింజలు కలిసి ఉంటే ముందే ఏరేస్తుంది. కొంచెమైతే ఇంట్లో మిక్సీలోనే పడుతుంది. ఎక్కువైతే గిర్నీకి పొద్దున్నే పోయి, ముందు ఒక కిలో నూకలు పట్టించి, ఆ పిండి బర్రెలకి పెట్టేసి, తర్వాత జొన్నలు పోయిస్తుంది. దీంతో నూటికి నూరు శాతం సేఫ్ అని నేను చెప్పను. మిక్సీయే మేలు. గిర్నీ అతను మొదట్లో నవ్వాడట, ఇప్పుడు అతనే "మీ బిడ్డ పిండి ముందు పడతా రా అక్కా" అంటాడట.

ఇక నా తిండి. బియ్యం ఇంటి నుంచే వస్తాయి, 2025 ఉగాది నుంచి మన తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కదా. హాస్టల్‌లో వంట చేసే అక్కతో మాట్లాడుకున్నాను, పోపు వేయకముందే ఒక గిన్నె పప్పు, ఒక గిన్నె కూర నాకు తీసి పెడుతుంది. దాంట్లో నేను ఎల్లిపాయ, జీలకర్ర పోపు వేసుకుంటాను. పొద్దున రాగి జావ, ఉప్పు వేసి. రాత్రి జొన్న రొట్టె గానీ గట్క గానీ. రెండు గుడ్లు. పల్లీలు. నేను వేరేగా ఖర్చు పెట్టేది నెలకి 1,200 లోపే.

బయట జొన్న రొట్టెల బండ్లు ఉన్నాయి కదా హైదరాబాద్‌లో, అక్కడ రెండు ప్రశ్నలు అడుగుతాను. పిండిలో గోధుమ కలుపుతారా? ఇదే పెనం మీద చపాతీలు కాలుస్తారా? రెండిట్లో దేనికి అవునన్నా నమస్తే పెట్టి వచ్చేస్తాను.

పాలు మానేస్తే క్యాల్షియం ఎలా అంటారు. మనకి రోజుకి వెయ్యి మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది, అదే వంద మిల్లీలీటర్ల పాలలో 120 దాకా. కానీ రాగుల్లోది మొత్తం ఒంటికి పట్టదు, నానబెట్టి మొలకెత్తిస్తే కొంచెం మెరుగు. మునగాకు, నువ్వులు కలిపినా నాకు సరిపోదని డాక్టర్ మాత్ర ఇచ్చారు, వేసుకుంటున్నాను. పల్లీ పాలు కూడా చేశాను. గుప్పెడు పల్లీలు రాత్రి నానబెట్టి, రుబ్బి, వడకట్టి, కాచడమే. ఖర్చు పది పదిహేను రూపాయలు. కూరల్లోకి బాగుంటాయి. టీలో మాత్రం వద్దు, నా మాట వినండి. ఇంకోటి, ఇవి ఆవు పాలంత క్యాల్షియం ఇవ్వవు, పేరు చూసి మోసపోవద్దు.

మొన్న చిన్నమ్మ కూతురి పెళ్లిలో అందరూ భక్ష్యాలు తింటుంటే నేను నా డబ్బా తెరిచాను. "కొంచెం తింటే ఏమైతది, పెళ్లింట్ల గట్లనే కూసుంటావా?" అంది చిన్నమ్మ. నాకు కోపం రాలేదు, ఆమెకి బాధగా ఉంది, అంతే. అప్పుడు అమ్మ లేచి నా పక్కన కూర్చుంది. నా డబ్బాలోంచి రొట్టె తుంచుకుని తింది. చిన్నమ్మ ఇంకేం అనలేదు.

పెరుగన్నం సంగతి అడిగారు కదా. దానికి నేను కనుక్కున్నది కొత్తదేం కాదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి మట్టి గిన్నెలో ఉంచితే పొద్దుటికి అదే కొంచెం పులుస్తుంది. ఉప్పు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి. పెరుగు వేయని సద్దన్నం. పెరుగన్నంలా ఉంటుందని అబద్ధం చెప్పను, కానీ ఆ పులుపు నాలుక మీద పడితే కొంచెం ఊరట. ఎండాకాలంలో మరీ ఎక్కువసేపు ఉంచకండి, వాసన తేడాగా ఉంటే పారేయండి.

ఇంగువ ఆపాక, పిండి మార్చాక చేసిన పరీక్షలో ఆ నంబరు సగానికి పైగా తగ్గింది. హిమోగ్లోబిన్ పదిన్నర. వచ్చే నెల మళ్లీ పరీక్ష. అది కూడా బాగుంటే రెండు చెంచాల పెరుగుతో మొదలుపెట్టి చూద్దాం అన్నారు డాక్టర్. ఆ మాట అమ్మకి చెప్పడం నాదే తప్పు. రోజూ ఫోన్ చేసి, ఏ బర్రె పెరుగు పంపమంటావ్ అని అడుగుతోంది.

సరే, ఉంటాను మరి. రైస్ కుక్కర్ కడగాలి.