తాపీ ముఖమున తొలి తెరచాప



శ్రావణ పూర్ణిమను తెలుగునాట జంధ్యాల పూర్ణిమ యందురు. మగ్గముల పనికై సూరతు చేరి స్థిరపడిన మన పద్మశాలీలు ఆనాడే నూతన యజ్ఞోపవీతము ధరింతురు. అదే దినమున అచ్చటి బెస్తలు కొబ్బరికాయ చేతబట్టి తాపీ నది సముద్రమును కలియు చోటికి పోవుదురు. గుజరాతీలకది నాళియేరీ పూనమ్. వానకారు మొదలైననాటినుండి ఒడ్డునబడియున్న చిన్న పడవ మరల నీట దిగు దినమది.

పడవ ఒడ్డునున్నంతకాలము ఇంటిల్లిపాదికి పనియే. పలకల సందులలో నూనె తడిపిన దూది కూరవలెను, తెరచాపకు అతుకులు వేయవలెను, త్రాళ్లు మార్చవలెను. పడవ నడపు నాయకుని అచ్చట తండేల్ అందురు. శ్రీకాకుళపు జాలరులును తండేలు అనియే పిలుతురు. ఒకే మాట రెండు సముద్రములకు ఎట్లు ప్రాకినదో విచారింపదగినదే.

పూర్ణిమయే యెందులకు? ఖంభాత్ సింధుశాఖలోని పోటు మన దేశమున మిక్కిలి ఎత్తైన పోటులలో నొకటి. బురదగట్టున ఎత్తుగా నిలిపిన పడవ సామాన్యపు పోటునకు కదలదు. పున్నమిపోటు దానిని తేల్చును. కొబ్బరికాయ సమర్పణలో భక్తియు కలదు, లెక్కయు కలదు.

అయితే నీట దిగినంతమాత్రమున ప్రయాణము సాగదు. పాటుతో నది వెంబడి సముద్రము వైపు పోవుట సులభమే. కాని ఆ కాలపు నైరుతిగాలి ఎదురుగా వీచును. నీరొకవైపు, గాలి వేరొకవైపు త్రోయగా నదీముఖమున అలలు నిట్టనిలువుగా లేచును. చిన్న పడవకు అదియే గండము. తెరచాప గాలికి సూటిగా ఎదురు పోజాలదు. ఏటవాలుగా ఒకమారు ఇటు, ఒకమారు అటు త్రిప్పుచు పోవలెను. తిరుగుదారిలో పోటును గాలియు రెండును వెనుకనుండి సాయపడును. కనుక పోవుటకంటె వచ్చుట సుఖము. మన ఉద్యోగులకు ఆఫీసు ప్రయాణమును అట్టిదే!

పున్నమిపోటు ఎల్లప్పుడును మేలు చేయదు. 2006వ సంవత్సరమున శ్రావణ పూర్ణిమ ఆగస్టు 9న వచ్చెను. 1972లో పూర్తియైన ఉకాయి ఆనకట్టనుండి ఆ ముందు దినములలోనే వరదనీరు వదలబడెను. మిక్కుటముగా నున్నప్పుడు అది సెకనుకు సుమారు 9 లక్షల ఘనపుటడుగులు. ఎదురునుండి పున్నమిపోటు త్రోయగా నీరు సముద్రము చేరు దారి లేక సూరతు నగరమున అధికభాగమును ముంచెను. ఒడ్డునున్న పడవలను తేల్చవలసిన నీరు ఇండ్లలో ప్రవేశించెను. వీధులలో జనమును పడవలపై తరలించిరి.

యంత్రపు పడవలకు ఇప్పుడు ప్రభుత్వమే వేటనిషేధము విధించుచున్నది. పశ్చిమతీరమున అది జూన్ 1న మొదలగును. మన తూర్పుతీరమున ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు. విశాఖలో పడవ దిగునప్పటికి సూరతులో పడవ ఒడ్డెక్కియుండును. వట్టి తెరచాపతో పోవు నాటుపడవ తండేలుకు మాత్రము తిథి యొకటి, గాలి యొకటి, ఈ రెండే ఆధారము. తిథి పంచాంగమున దొరకును. గాలి దొరకదు.

అందుచేత కాయ కొట్టి, పసుపు కుంకుమలు చల్లి, పడవను తేల్చిన పిదపగూడ అతడు నైరుతిదిక్కు చూచును. అచ్చట మేఘము నల్లగా నున్నచో తెరచాప విప్పడు. పున్నమి దాటిన రెండు మూడు దినములవరకు పోటునకు బలము తగ్గదు. దినదినమును అది సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. ఆ వేళకు మరల వచ్చి చూచును. అంతవరకు పడవ త్రాటికే కట్టబడియుండును.