దౌత్యవేత్తల అనుభవం మనకు ఏమి నేర్పుతుంది?
(నందికొట్కూరులో చేసిన ప్రసంగ పాఠం)



దౌత్యం గురించి నందికొట్కూరులో మాట్లాడవలసిన అవసరం ఏమిటని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. ఐక్యరాజ్య సమితి న్యూయార్కులో ఉంది, మన సమస్యలేమో రేషను కార్డు, ఖబరస్తాన్ హద్దులు, పిల్లల ఉపకార వేతనాలు అని వారి భావం. ఆ సందేహం సమంజసమే. అయితే మన సీమ నుంచి, విశేషించి కడప, రాయచోటి ప్రాంతాల నుంచి, కువైట్‌కు పనికి వెళ్లినవారు వేల సంఖ్యలో ఉన్నారు. వారికి కష్టం వచ్చిన నాడు తలుపు తట్టవలసింది భారత రాయబార కార్యాలయాన్నే. అంతేకాదు, హక్కుల కోసం పనిచేసే వారందరూ దౌత్యవేత్తల నుంచి గ్రహించవలసిన పాఠం ఒకటి ఉన్నది. బలం తక్కువైన పక్షం నిబంధనను చక్కగా తెలుసుకొని, ఓపికతో పదిమందిని కలుపుకొని పోతే, బలవంతుడు కూడా వెనక్కి తగ్గక తప్పదు.

ఈ సంగతి మన నేలకు కొత్త కాదు. కె.సి. కాలువకు 39.9 టి.ఎం.సి.ల నీటిని బచావత్ ట్రిబ్యునల్ కేటాయించింది. ఆ అంకె రాతలో ఉన్నది కనుకనే నీరు రాని ఏడు మన రైతు నిలబడి అడగగలుగుతున్నాడు. రాతలో లేని హక్కు కోసం ఎంత గట్టిగా అరిచినా అది బ్రతిమాలుకోవడమే అవుతుంది.

తెలుగు నేల మీది ముస్లిములు ఈ దేశం పక్షాన ప్రపంచ వేదికలపై మాట్లాడడం నిన్న మొన్న మొదలైనది కాదు. హైదరాబాదు వాసి ఆబిద్ హసన్ సఫ్రానీ 1943లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ వెంట జర్మనీ నుంచి జలాంతర్గామిలో ప్రయాణించారు. స్వాతంత్ర్యానంతరం విదేశాంగ సేవలో చేరి, డెన్మార్కులో మన రాయబారి అయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ ఈజిప్టు, ఫ్రాన్సు, అమెరికా దేశాలలో మన రాయబారిగా ఉన్నారు. మన దేశభక్తికి రుజువు చూపమని ఎవరైనా అడిగినప్పుడు ఆవేశపడనక్కరలేదు. ఈ పేర్లు చెబితే చాలు.

ఇక ఇటీవలి కాలానికి వద్దాము. ఉస్మానియాలో జర్నలిజం బోధించిన ఆచార్య బషీరుద్దీన్ గారి కుమారుడు సయ్యద్ అక్బరుద్దీన్. 1985లో విదేశాంగ సేవలో చేరారు. జిద్దాలో కాన్సల్ జనరల్‌గా, విదేశాంగ శాఖ అధికార ప్రతినిధిగా పనిచేసి, 2016 నుంచి 2020 వరకు ఐక్యరాజ్య సమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా ఉన్నారు. అంతర్జాతీయ న్యాయస్థానానికి 2017లో జరిగిన ఎన్నికపై తన అనుభవాలను 2021లో ఒక పుస్తకంగా ప్రచురించారు.

ఆ ఎన్నిక విధానం గమనింపదగినది. హేగ్ నగరంలోని ఆ న్యాయస్థానంలో 15 మంది న్యాయమూర్తులు ఉంటారు. మూడేళ్లకొకసారి 5 స్థానాలకు ఎన్నిక జరుగుతుంది. గెలవాలంటే 193 దేశాల సర్వప్రతినిధి సభలోనూ, 15 దేశాల భద్రతా మండలిలోనూ విడివిడిగా సంపూర్ణ మెజారిటీ రావాలి. ఈ ఎన్నికలో వీటో చెల్లదు. 2017 నవంబరులో నాలుగు స్థానాలు నిండాయి. అయిదవ దానికి భారత న్యాయమూర్తి దల్వీర్ భండారీ, బ్రిటన్ న్యాయమూర్తి క్రిస్టఫర్ గ్రీన్‌వుడ్ మిగిలారు. మండలిలో బ్రిటన్‌దే పైచేయి. సభలో మాత్రం మొగ్గు భారత్ వైపు. నవంబరు 13 నాటికి సభలో భండారీకి 121, గ్రీన్‌వుడ్‌కు 68 ఓట్లు పడ్డాయి. ఎటూ తేలనప్పుడు ఆరుగురు సభ్యుల సంయుక్త సంఘాన్ని నియమించే వీలు కూడా నిబంధనల్లో ఉన్నది. ఆ దారి తెరిస్తే సభలోని ఆధిక్యం వృథా కావచ్చు. కనుక భారత్‌కు కావలసింది సభలోని దేశాలు చెదరకుండా నిలవడం. అవి నిలిచాయి. నవంబరు 20న బ్రిటన్ తన అభ్యర్థిని ఉపసంహరించుకున్నది. 1946లో న్యాయస్థానం ఆరంభమైనప్పటి నుంచి అందులో బ్రిటన్ న్యాయమూర్తి లేకపోవడం అదే మొదలు.

శాశ్వత సభ్యత్వం గల దేశం మీద ఆ స్థానం లేని దేశం గెలిచింది. ఒక్కొక్క దేశంతో పెంచుకున్న పరిచయం, నిబంధన మీద పట్టు, లెక్క తప్పని ఓట్ల పట్టిక ఆ గెలుపునకు ఆధారాలు.

ఆ స్థానం విలువ 2024 జనవరి 26న మరింత స్పష్టమైంది. గాజా విషయమై దక్షిణాఫ్రికా వేసిన దావాలో, జాతి విధ్వంసక చర్యలు జరగకుండా చూడాలనీ, మానవతా సహాయం అందనివ్వాలనీ న్యాయస్థానం ఇజ్రాయెల్‌ను ఆదేశించింది. న్యాయమూర్తి భండారీ ఆధిక్యపక్షంతోనే ఓటు వేశారు. అయినా ఆ ఆదేశాన్ని అమలు చేయడానికి న్యాయస్థానానికి సైన్యం లేదు. అమలు కోసం భద్రతా మండలికి వెళ్తే అక్కడ వీటో అడ్డు నిలుస్తుంది. 1945లో కుదిరిన అయిదుగురు శాశ్వత సభ్యుల ఏర్పాటు నేటికీ మారలేదు. ఆఫ్రికా ఖండానికి అందులో ఒక్క స్థానమూ లేదు. దౌత్యానికి గల హద్దు ఇది. దీనిని దాచిపెట్టి దౌత్యాన్ని పొగడడం న్యాయం కాదు. అయితే తీర్పు రాతలోకి ఎక్కితే అన్యాయాన్ని అన్యాయమని పిలిచే అధికారం లోకానికి మిగులుతుంది. అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను మన ప్రభుత్వం విమానాలలో తరలించింది. అంతటి ఆపద రాకపోయినా, జీతం ఆగిపోవడం, పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకోవడం, మృతదేహం రావడం ఆలస్యం కావడం వంటి కష్టాలు ఉంటూనే ఉన్నాయి. రాయబార కార్యాలయం సాయపడాలంటే దానికి ఆధారం కావాలి. పదవ తరగతి పూర్తి చేయని వారి పాస్‌పోర్టు మీద సాధారణంగా వలస అనుమతి అవసరమన్న ముద్ర ఉంటుంది. అలాంటివారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేటప్పుడు ఆ అనుమతి తీసుకోవాలి. ఏజెంటు ద్వారా వెళ్లేవారు ఆ ఏజెంటు ఈ-మైగ్రేట్‌లో నమోదైనవాడేనని చూసుకోవాలి. సందర్శక వీసా మీద పంపుతామనే దళారి మాట నమ్మరాదు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పత్రం నకళ్లు ఇంట్లో ఉంచాలి. ఫిర్యాదుకు 'మదద్' పోర్టల్ ఉన్నది.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన ఏళ్లలో అర్జీలు ఎన్నో చూశాము. ఆవేశంతో నాలుగు పేజీలు నిండిన అర్జీ అలమారలోకి పోయేది. సర్వే నంబరు, ఉత్తర్వు సంఖ్య, తేదీ, జతపరచిన నకళ్లతో ఒక పేజీలో వచ్చిన అర్జీకి జవాబు రాయక తప్పేది కాదు. న్యూయార్కులోనైనా నందికొట్కూరులోనైనా ఈ పద్ధతి ఒక్కటే.

కనుక మా విన్నపాలు రెండు. ప్రతి మొహల్లాలోనూ విదేశాలలో ఉన్న మన వారి పేర్లతో, వారి పత్రాల వివరాలతో ఒక రిజిస్టరు పెట్టండి. దానిని చదువుకున్న ఒక అబ్బాయి, ఒక అమ్మాయి నిర్వహించాలి. రెండవది, డిగ్రీ చదువుతున్న పిల్లలకు సివిల్ సర్వీసు పరీక్ష గురించి, అందులోనే విదేశాంగ సేవ ఉన్నదన్న సంగతి గురించి చెప్పండి. ప్రధాన పరీక్షను తెలుగులోనూ, ఉర్దూలోనూ రాయవచ్చు. గల్ఫ్ దేశంలో మన కూలివాడు రాయబార కార్యాలయం మెట్లెక్కి కష్టం చెప్పుకునే నాడు, బల్లకు అవతల కూర్చుని వినే అధికారి మన సీమ బిడ్డ కావాలని కోరుకోవడంలో తప్పు లేదు.